‘మీరు’ నుంచి ‘నువ్వు’ దాకా ఒక నెల

కళాశాలలో నా మొదటి ఆన్‌లైన్ తరగతి ఉదయం 9 గంటల 50 నిమిషాలకు ముగిసింది. అధ్యాపకురాలు సెలవు తీసుకోగానే తెర మీది నల్లని గళ్లు ఒక్కొక్కటిగా మాయమయ్యాయి. చివరికి ఆ నల్లటి తెరలో నా ముఖమే నాకు మసకగా కనిపించింది. తర్వాతి తరగతి లింకు 10 గంటలకు తెరుచుకుంటుంది. ఆ పది నిమిషాలు ఏం చెయ్యాలో నాకు తోచలేదు. కూర్చున్న కుర్చీ కదలలేదు, ఎదుట గోడ మారలేదు, పక్క గదిలో మిక్సీ శబ్దం ఆగలేదు. మామూలు కళాశాలలోనైతే ఆ పది నిమిషాల్లో పక్కవాళ్ల పేరు అడిగేవాళ్లం, తర్వాతి గది ఎక్కడో వెతుక్కునేవాళ్లం, ఇప్పుడు చెప్పింది తనకూ అర్థం కాలేదని ఎవరో ఒకరు అంటే హమ్మయ్య అనుకునేవాళ్లం. నెల గడిచాక ఆలోచిస్తే, దూరం నుంచి చదివేవారికి తరగతికీ పాఠానికీ లోటు ఉండదనీ, లోటల్లా తరగతికీ తరగతికీ మధ్య ఉండే ఆ పది నిమిషాలదేననీ నాకు అనిపిస్తోంది.

చేరే ముందు నా లెక్క వేరుగా ఉండేది. ప్రయాణం లేదు, బస్సు కోసం నిలబడడం లేదు, పాఠం అర్థం కాకపోతే రికార్డింగు వెనక్కి తిప్పుకోవచ్చు. ఇంతకంటే సుఖం ఏముంటుందనుకున్నాను. పైగా ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1840లోనే ఐజాక్ పిట్‌మన్ ఇంగ్లండులో కార్డుల మీద షార్ట్‌హ్యాండ్ పాఠాలు రాసి తపాలాలో పంపేవాడు. విద్యార్థులు అభ్యాసం చేసి తిప్పి పంపితే దిద్ది మళ్లీ పంపేవాడు. ఎక్కడ చదువుకున్నవారైనా తన పరీక్షలు రాయవచ్చని 1858లో లండన్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. 1971లో బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో చేరిన మొదటి విద్యార్థులు బీబీసీలో వచ్చే పాఠాల కోసం వేళ కాని వేళ టీవీ ముందు కూర్చునేవారు. వాళ్లంతా సందేహానికి జవాబు కోసం రోజుల తరబడి ఉత్తరం రాకకు ఎదురుచూసినవాళ్లు. నాకు జవాబు క్షణాల్లో వస్తుంది, అడగడమే తరువాయి. తీరా చూస్తే ఆ అడగడం దగ్గరే మొదటి మూడు వారాలూ ఆగిపోయాను.

జరిగింది ఇది. అర్థశాస్త్రంలో రెండో పాఠం డిమాండు గురించి. ధర తగ్గినందువల్ల జనం ఎక్కువ కొంటే అది డిమాండు పెరగడం కాదనీ, డిమాండు పరిమాణం పెరగడమనీ, అప్పుడు మనం ధరకూ కొనే పరిమాణానికీ ఉన్న సంబంధాన్ని చూపే అదే వక్రరేఖ మీద ఒక బిందువు నుంచి మరో బిందువుకు జరుగుతామనీ అధ్యాపకురాలు చెప్పారు. ఆదాయం పెరిగినందువల్లనో, ప్రత్యామ్నాయ వస్తువు ధర పెరిగినందువల్లనో ఎక్కువ కొంటే మాత్రం రేఖ మొత్తం కుడివైపుకు కదులుతుందన్నారు. రెండు సందర్భాల్లోనూ కొన్నది ఎక్కువే కదా, ఒకదాన్ని జరగడమనీ ఇంకోదాన్ని కదలడమనీ ఎందుకు విడదీయాలో నాకు బోధపడలేదు. “ఎవరికైనా సందేహాలున్నాయా?” అని ఆవిడ అడిగారు. మైకు గుర్తు మీద వేలు పెట్టాను. సరిగ్గా అప్పుడే ఇంకెవరో “మేడమ్” అన్నారు, నేనూ “మేడమ్” అన్నాను. ఇద్దరం ఆగాం. “మీరు చెప్పండి” అని నేనన్న మాట, “లేదండీ, మీరు చెప్పండి” అని వాళ్లన్న మాట ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. మళ్లీ ఇద్దరం ఆగాం. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ నోరు విప్పలేదు. సందేహాలు లేవు కాబోలనుకుని ఆవిడ ముందుకు వెళ్లారు.

దీన్ని నా పిరికితనం కింద జమ వేసుకుని చాలా రోజులు చిన్నబోయాను. తర్వాత చదివితే తెలిసింది, తప్పంతా నాది కాదు. పది భాషల్లోని సంభాషణలను పోల్చిన 2009 నాటి అధ్యయనం ప్రకారం, ఒకరు ప్రశ్న వేశాక రెండోవారు జవాబు అందుకునేందుకు పట్టే సమయం సగటున దాదాపు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. ఎదుటివారి మాట తీరును బట్టి, ఊపిరి పీల్చడాన్ని బట్టి, మన వంతు ఎప్పుడొస్తుందో మనం ముందే పసిగడతాం. వీడియో పిలుపులో ఆ సంకేతాలన్నీ ఆలస్యంగా చేరతాయి. ఫోను సంభాషణ సహజంగా సాగాలంటే మాట ఒకవైపు నుంచి రెండోవైపుకు చేరడానికి 150 మిల్లీసెకన్లకు మించకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఎప్పుడో సూచించింది. మా ఇంటి కనెక్షను సాయంత్రాల్లో ఆ గీత దాటిపోతుందని నాకు గట్టి అనుమానం. అంటే నేను ఖాళీ దొరికిందనుకుని మాట్లాడే క్షణానికి, అవతలి వ్యక్తి అప్పటికే మాట మొదలుపెట్టి ఉంటారు. ఆ సంగతి నాకింకా చేరి ఉండదు. ఇది తెలిశాక నేను నోటితో అందుకోవడం మానేసి చేతి గుర్తు నొక్కడం నేర్చుకున్నాను. చిన్నప్పటి బడిలో చేయి ఎత్తమన్నది ఇందుకేనేమో.

అయితే ఆ రోజు మాటలు ఢీకొన్న గందరగోళంలో, నాతో పాటు “మేడమ్” అన్న గొంతు ఎవరిదో, ఆడో మగో కూడా నాకు తెలియలేదు. మా తరగతిలో అరవైకి పైగా గళ్లు, అందులో కెమెరా తెరిచినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగిలినవన్నీ రెండక్షరాల గుండ్రాలు: ఎం.కె., పి.ఆర్., ఎస్.వి. ఆ సాయంత్రం చాట్‌లో నాకొక ప్రైవేటు సందేశం వచ్చింది. “మీరు అడగాలనుకున్నది ఆ వక్రరేఖ సంగతేనా అండీ? నాకూ అర్థం కాలేదు.” పంపింది ఎస్.వి. నేను “అవునండీ” అన్నాను. అలా మొదలైన ఆ ‘అండీ’ మమ్మల్ని మూడు వారాలు వదల్లేదు.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట చెప్పుకోవాలి. తెలుగులో ‘వచ్చాను’ అన్నవారు ఆడో మగో క్రియను బట్టి తెలియదు. ‘వచ్చారు’ అన్నా తెలియదు. పరోక్షంలో చెప్పేటప్పుడే ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని తేల్చుకోవాలి. రెండక్షరాల పేరుతో, ‘మీరు’, ‘అండీ’ల మర్యాదలో, ఒక మనిషితో పదిహేను రోజులు మాట్లాడినా ఆ మనిషి అబ్బాయో అమ్మాయో నాకు తెలియలేదు. మా అమ్మకు చెప్పేటప్పుడు మాత్రం “ఎస్.వి. అన్నాడు” అని చెప్పేవాణ్ణి, ఎందుకో అలా స్థిరపడిపోయింది. ఎదురుగా కలిసిన తోటి విద్యార్థుల మధ్య ‘మీరు’ పట్టుమని పూట కూడా నిలవదు. మధ్యాహ్నానికి ‘నువ్వు’, సాయంత్రానికి ‘ఏరా’ అవుతుంది. ముఖం కనిపించని చోట ఆ ‘మీరు’ కరగడానికి తగిన వేడి దొరకదు. అందరం ఒకరినొకరు ఎంతో గౌరవించుకుంటూ, ఎవరికీ ఎవరం కాకుండా ఉండిపోయాం.

రెండో వారం నుంచి ఇంకో సమస్య మొదలైంది. ఏమీ చెయ్యకుండానే అలసిపోయేవాణ్ణి. నాలుగు గంటలు కుర్చీలో కూర్చున్నంత మాత్రాన ఇంత నీరసమేమిటని మా నాన్న ఆశ్చర్యపోయేవారు, నేనూ ఆశ్చర్యపోయేవాణ్ణి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో ప్రచురించిన వ్యాసంలో ఈ అలసటకు నాలుగు కారణాలు ప్రతిపాదించాడు. ముఖాలు మరీ దగ్గరగా, మన వైపే కళ్లు పెట్టినట్టు కనిపించడం ఒకటి. తల ఊపడం లాంటి చిన్న సంకేతాలను కూడా పనిగట్టుకుని పంపవలసి, చదవవలసి రావడం మరొకటి. గంటల తరబడి మన ముఖాన్ని మనమే చూసుకుంటూ ఉండడం మూడోది. కెమెరా చట్రంలో ఇమిడేందుకు కదలకుండా కూర్చోవడం నాలుగోది. ఇందులో మూడోది నాకు అచ్చంగా తగిలింది. కెమెరా తెరవక తప్పని ప్రయోగ తరగతిలో పాఠం వింటున్నానని నేననుకుంటున్నానే గాని, నిజానికి చూస్తున్నది మూలన ఉన్న నా ముఖాన్నే: జుట్టు లేచిందా, వెనక గోడ మీద మరక కనిపిస్తోందా, నోరు తెరిచి చూస్తున్నానా. రోజంతా ఎదుట అద్దం పట్టుకుని ఎవరైనా నడుస్తారా! నా వీడియో నాకు కనిపించకుండా చేసే వీలు మెనూలో ఉందని పద్దెనిమిదో రోజున కనిపెట్టాను. అవతలివాళ్లకు నేను కనిపిస్తాను, నాకు నేను కనిపించను. అంతకంటే మేలు చేసిన బటను ఈ నెలలో నాకింకోటి దొరకలేదు.

కళ్ల మంట సంగతి వేరు. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లు కొట్టుకునే రెప్పలు తెర ముందు ఐదు నుంచి ఏడు సార్లకు పడిపోతాయట. అందుకే ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, కనీసం 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని నేత్రవైద్యులు చెబుతారు. నా గదిలో 20 అడుగుల దూరం లేదు కనుక కిటికీ దగ్గరకు లేవవలసి వస్తుంది. ఆ లేవడం కాళ్లకూ మంచిదే.

రికార్డింగుల గురించి మాత్రం కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే నన్ను నిజంగా ముంచింది అవే. తరగతి ఎలాగూ రికార్డవుతోంది కనుక శ్రద్ధ తగ్గినప్పుడల్లా “తర్వాత చూసుకుందాంలే” అనుకునేవాణ్ణి. మూడో వారం ఆదివారం లెక్కపెడితే చూడవలసినవి పదకొండు తేలాయి, ఒక్కొక్కటి యాభై నిమిషాలు. రెట్టింపు వేగంతో పెట్టి మధ్యాహ్నం నాలుగు చూశాను. గొంతులు పిచ్చుకల్లా కిచకిచలాడాయి, నేను చూశానన్న తృప్తి తప్ప సాయంత్రానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. మరచిపోవడం గురించి జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లో ఒక పుస్తకం ప్రచురించాడు. అర్థం లేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి, తననే పరీక్షించుకుని, గంట తిరిగేలోపే నేర్చుకోవడానికి పెట్టిన శ్రమలో సగానికి పైగా చేజారిపోతోందని తేల్చాడు. అర్థమున్న పాఠం అంత వేగంగా పోకపోవచ్చు, కాని పోతుంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఇంకొంచెం ముందుకు వెళ్లి, పాఠ్యభాగాన్ని మళ్లీ మళ్లీ చదివినవారినీ, చదివాక చూడకుండా గుర్తున్నది రాసినవారినీ పోల్చారు. ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మళ్లీ చదివినవారే ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో చూడకుండా రాసినవారు ముందుకు వచ్చారు. మళ్లీ చదివితే వచ్చే ఆ పైపై తృప్తి నాకు బాగా తెలుసు. ఆదివారం సాయంత్రం నేను అనుభవించింది అదే.

కాబట్టి రికార్డింగుల కొండను కరిగించే ప్రయత్నం వదులుకున్నాను. బదులుగా, తరగతి అవగానే ఆ పది నిమిషాల ఖాళీలో ఒక తెల్ల కాగితం తీసుకుని, నోట్సు మూసేసి, గుర్తున్నది రాయడం మొదలుపెట్టాను. మొదటి రోజు డిమాండు వక్రరేఖ గీసి, రెండు బాణాలు వేసి, ఏ బాణం దేనికో రాయలేక ఆగిపోయాను. అక్కడ ప్రశ్నార్థకం పెట్టి, రికార్డింగులో ఆ నాలుగు నిమిషాలే చూశాను. పదకొండు రికార్డింగుల్లో నిజంగా చూడవలసినది మొత్తం కలిపి గంట కూడా లేదని వారం తిరిగేసరికి అర్థమైంది.

ఇంటివాళ్లతో సర్దుబాటు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. “ఇంట్లోనే ఉన్నావుగా” అన్న వాక్యం అందరిళ్లలోనూ ఉండేదే. తలుపు గడియ పెట్టి ఉంటే చదువు, గడియ లేకుండా ఊరికే మూసి ఉంటే అత్యవసరమైతే రావచ్చు అన్న ఒప్పందం మీద మేము నిలబడ్డాం. చెల్లెలు దాన్ని రోజుకొకసారైనా మీరుతుంది. నేను చేసిన పని ఒకటే: బల్ల చుట్టూ కుర్చీని రెండు వైపులా వాడుకోవడం. తరగతి ఉన్నప్పుడు గోడ వైపు, లేనప్పుడు కిటికీ వైపు. కుర్చీని ఇటు నుంచి అటు ఈడ్చే శబ్దమే నాకు కళాశాల గంట. ఇది చదివితే నవ్వు రావచ్చు, కాని ఒకే కుర్చీలో ఒకే దిక్కున పాఠం, సినిమా, నిద్రమత్తు అన్నీ జరిగిన మొదటి రెండు వారాల్లో నాకు ఏ రోజు ఎప్పుడు ముగిసిందో తెలిసేది కాదు.

ఇక అసైన్‌మెంటు గడువు. ఈ విషయంలో నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు. పోర్టల్‌లో గడువు “14వ తేదీ, 12:00 ఏ.ఎం.” అని ఉంది. పద్నాలుగో తేదీ రాత్రి పన్నెండు కదా అని ఆ రోజంతా తీరిగ్గా రాసి, సాయంత్రం ఏడింటికి పంపబోతే బటను బూడిద రంగులో ఉంది. పద్నాలుగో తేదీ 12:00 ఏ.ఎం. అంటే పదమూడో తేదీ రాత్రి ముగిసి పద్నాలుగు మొదలయ్యే క్షణం. గడువు తీరిపోయి అప్పటికే పందొమ్మిది గంటలు. అధ్యాపకుడికి మెయిల్ రాస్తే సగం మార్కులకు తీసుకున్నారు. ఈ గందరగోళం ఎరిగినవాళ్లే గడువును 11:59 అని పెడతారని అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క నిమిషం ఎంత దయగలదో! అయితే ఇందులో నాకు బాధ కలిగించింది మార్కులు పోవడం కాదు. కళాశాలలో ఉండి ఉంటే పదమూడో తేదీ మధ్యాహ్నం ఎవరో ఒకరు “ఇవాళ రాత్రికే కదా” అని ఉండేవారు, నేను ఉలిక్కిపడి ఉండేవాణ్ణి. గడువులు నోటీసు బోర్డు కంటే ముందు వరండాలో తెలుస్తాయి, నాకు వరండా లేదు.

ఆ రాత్రే ఎస్.వి.కి రాశాను. “మనం తరగతికి తరగతికి మధ్య ఒక లింకు తెరిచి ఉంచుకుందామా అండీ? మాట్లాడకపోయినా ఫరవాలేదు.” ఉచిత ఖాతాలో జూమ్ సమావేశం 40 నిమిషాలకు తెగిపోతుంది, మాకు కావలసింది పదే కనుక అది అడ్డు కాలేదు. మర్నాడు ఇద్దరం, ఆ మర్నాడు నలుగురం అయ్యాం. మొదటి రోజు ఎస్.వి. మైకు తెరిచి “వినిపిస్తోందా అండీ?” అనగానే అది అమ్మాయి గొంతని తెలిసి, ఇన్నాళ్లూ మా అమ్మతో చెప్పిన ‘అన్నాడు’లన్నీ గుర్తొచ్చి కాసేపు మాట రాలేదు. ఆమె కూడా నా గురించి ఇంట్లో ‘అంది’ అని చెబుతూ వచ్చిందట. నా పేరులోని అక్షరాలు ఆమె అక్క పేరువేనట.

ఆ పది నిమిషాల్లో మేము గొప్ప చర్చలేమీ చెయ్యం. ఒకరు నీళ్ల కోసం లేస్తారు, ఒకరి ఇంట్లో కుక్క మొరుగుతుంది, ఒకరు రేపటి గడువేమిటో పైకి చదువుతారు. నేను నా తెల్ల కాగితం రాసుకుంటాను. ఎవరికి ఎక్కడ ప్రశ్నార్థకం మిగిలిందో చివరి రెండు నిమిషాల్లో చెప్పుకుంటాం. నలుగురికీ ఒకే చోట మిగిలితే అది అధ్యాపకురాలిని అడగవలసినదని లెక్క, అప్పుడు అడగడానికి ఎవరికీ సిగ్గుండదు. డిమాండు వక్రరేఖను మాకు విప్పి చెప్పింది మాత్రం అప్పటివరకు నోరు విప్పని పి.ఆర్. ధర అన్నది ఆ పటంలో అప్పటికే ఒక అక్షం మీద ఉంది కనుక ధర మారితే రేఖ మీదే జరుగుతామనీ, ఆదాయానికి ఆ పటంలో చోటు లేదు కనుక అది మారితే రేఖనే కొత్తగా గీయవలసి వస్తుందనీ ఒక్క ముక్కలో చెప్పాడు. మూడు వారాల ముల్లు అలా ఊడింది.

నిన్న నా వంతు వచ్చింది. స్థితిస్థాపకత, అంటే ధర మారితే కొనే పరిమాణం ఎంత మారుతుందన్న లెక్క ఎలా చెయ్యాలో వాళ్లకు చెబుతున్నాను. ధరలో శాతం మార్పు, పరిమాణంలో శాతం మార్పు, ఒకదాన్ని ఇంకోదానితో భాగించడం అంతా ఓపికగా, ఉదాహరణతో సహా రెండు నిమిషాలు చెప్పాను. ఎవరూ ఊఁ కొట్టలేదు. నా బోధన ఇంత గొప్పగా ఉందా అనుకుంటూండగా ఇయర్‌ఫోన్లు అదిరేలా ఎస్.వి. అరిచింది.

“నువ్వు మ్యూట్‌లో ఉన్నావు!”

అరిచాక తనే ఆగి, “సారీ అండీ, మీరు మ్యూట్‌లో ఉన్నారు” అని దిద్దుకోబోయింది గాని, పి.ఆర్. అప్పటికే నవ్వడం మొదలుపెట్టాడు. నేను మైకు తెరిచి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. సోమవారం తొలి పరీక్ష ఉంది. ఉదయం ఎనిమిదిన్నరకే లింకు తెరుస్తానంది ఎస్.వి. రికార్డింగుల్లో ఇంకా రెండు మిగిలే ఉన్నాయి.